పెన్సిల్ వాలు

చెబుతాను. ఆ గాజు తలుపు తెరుచుకుని అమ్మాయి బయటికి వస్తుంది, ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడానికి పది నిమిషాలు ఇస్తారు, ఆ పదిలో మొదటి నిమిషంలోనే చెబుతాను. కాలేయంలో గడ్డ ఉంది, వచ్చే నెల కోస్తారు, కోశాక లేస్తానో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కల కోసం గంట నుంచి ఈ ఇనుప కుర్చీలో కూర్చుని పళ్ళు నూరుతున్నాను. కుర్చీలన్నిటినీ ఒకదానికొకటి కలిపి నేలకు బోల్టులతో బిగించారు. సైన్యం వాళ్ళ కుర్చీలు మరి, మనిషి పోయినా కుర్చీ పోకూడదు. నా కాలి దగ్గర బోల్టు ఒకటి వదులుగా ఉంది, నేను కదిలితే వరస మొత్తం కిర్రుమంటోంది, అవతలి చివర కూర్చున్న ముసలావిడ ప్రతిసారీ నా వైపు గుర్రుగా చూస్తోంది. చూడనీ. పక్కన అల్లుడు. పొద్దున కారెక్కినప్పటి నుంచి ఒకటే పాట. "మామయ్యగారూ, ఇప్పుడొద్దు. తను అక్కడికి చేరి కాస్త కుదుటపడ్డాక నేను మెల్లగా చెబుతా. ఇప్పుడు వింటే ప్రయాణం మానేస్తుంది. ఎన్నేళ్ళ కోరికో మీకు తెలీదా?" మంచివాడు. కాఫీ తెచ్చిస్తాడు, చెప్పులు తీసి పక్కన పెడతాడు, నా మందులు వేళకి గుర్తు చేస్తాడు. నాకు చెడ్డవాళ్ళంటే ఎప్పుడూ భయం లేదు. మంచివాళ్ళే నా కొంప ముంచారు.

నిన్న మా అన్నయ్య ఫోన్ చేశాడు. ముప్పై ఒక్కేళ్ళ తర్వాత. అల్లుడే నంబరిచ్చి ఉంటాడు. గొంతు ముసలిదైపోయింది గానీ మనిషి మారలేదు. "ఒరేయ్, నేన్రా. చెప్పకురా పిల్లకి. పరాయి దేశంలో బెంగ పెట్టుకుంటుంది. వెళ్ళనీ ముందు." ముప్పై ఒక్కేళ్ళు మౌనంగా ఉండి నోరు విప్పితే మళ్ళీ అదే మాట. ఫోన్ పెట్టేశాను.

లోపల సామాన్లు తూస్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అంకెలు వినబడుతున్నాయి, ముప్పై రెండున్నర, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి ముప్పావు, ఎవరో విసుగ్గా అరుస్తున్నాడు, ఇంకోడు రాసుకుంటున్నాడు. ముప్పై రెండేళ్ళ కిందట పటాలం నన్ను పంపినప్పుడూ అంతే. మనిషిని తూచరు, మూటను తూస్తారు. అప్పుడు నా మూట ఇరవై ఆరు. ఎవడికో గవదబిళ్ళలు వస్తే నేను సముద్రం దాటాను. జాబితాలో ఉన్నవాడు నేను కాదు, మా గదిలోనే కిటికీ పక్కన పడుకునేవాడు, తెల్లారి లేచేసరికి వాడి బుగ్గలు రెండూ బూరెల్లా పొంగాయి. నేను ఆ పూట సెలవు కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్ళాను, పదిహేను రోజులు ఇంటికి పోదామని. గుమాస్తా తలెత్తి చూసి, "నీ కోసమే కబురు పెట్టబోతున్నా. వంతెన కొలతలు తెలిసినవాడు కావాలట. ఆదివారం ఓడ," అన్నాడు. "సెలవు కాగితం?" అన్నాను. "దాని వెనక ఖాళీయేగా, నీ పాస్‌పోర్టు వివరాలు రాసివ్వు," అన్నాడు. యుద్ధం లేదు. ఎవరూ ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు. ఎక్కడో ఒక దేశంలో వరదొచ్చి ఒక ఊరి వంతెన కొట్టుకుపోయిందట, మన ప్రభుత్వం స్నేహంగా ఒక వంతెన కట్టిస్తానందట, దానికి అరవై మందిమి. సైనికుడన్నాక యుద్ధానికి పంపుతారని ఇంట్లోవాళ్ళు గుండె రాయి చేసుకుని ఉంటారు. వంతెన కట్టడానికి పంపితే ఏ గుండె చేసుకోవాలో ఎవరికీ తెలీదు. అందుకే మా ఆవిడ నవ్వింది. ఇప్పుడు అమ్మాయి సంగతీ అచ్చం అలాగే. అదీ సైన్యంలో ఇంజనీరే, అదీ వంతెనలే. వెళ్ళాల్సినవాడు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడట, నాలుగు రోజుల క్రితం దీని పేరు జాబితాకెక్కింది. ఏడాది. మొన్న నా గడ్డ బయటపడింది. వరసలోకి రావలసినవన్నీ ఒకేసారి వచ్చి నిలబడ్డాయి.

మా ఆవిడ నవ్వింది అన్నాను కదా. ఓడెక్కేలోపు రెండు రోజులు ఇంటికి పోనిచ్చారు. నేను మూట కడుతుంటే గుమ్మంలో నిలబడి, పిల్ల చంకలో, "రసమట్టం గారూ, ఉత్తరాలు రాస్తారా?" అంది. రసమట్టం, అదే వాలు చూసే పనిముట్టు, మా పటాలంలో నా మారుపేరు. ఇనుప దూలం ఎక్కడ వెంట్రుక వాసి వాలినా నా కంటికి తెలిసిపోతుందని పెట్టారు. ఒకసారి చూడటానికొచ్చిన స్నేహితుడెవడో ఇంట్లో ఆ పేరుతో పిలిచి పోయాడు, ఆవిడ పట్టేసుకుంది. నేను చదివింది మా ఊరి బడిలో ఏడు. ఆవిడ బడి గడప తొక్కలేదు. "రాస్తాను. నువ్వెలా రాస్తావు?" అన్నాను. "బావగారు రాస్తారు. నేను చెబుతాను, ఆయన రాస్తారు." "మరి నువ్వు చెప్పిందే రాశాడని నాకెలా తెలుస్తుంది?" ఏదో ఎగతాళికి అన్నాను. ఆవిడ ఆలోచించింది. పిల్లని దింపింది. పిల్ల బలపం పెట్టెలోంచి పెన్సిల్ ముక్క తీసి, నా కాగితాల్లో ఒకటి నేల మీద పరిచి, ఎడం చెయ్యి దాని మీద పెట్టి చుట్టూ గీసింది. వేళ్ళ సందుల్లోకి పెన్సిల్ పోనిస్తూ, నాలుక కొరుక్కుంటూ. ఉంగరం దగ్గర గీత చిన్న బుడిపెలా పైకి లేచి దిగింది. "అక్షరం రాకపోతేనేం, చెయ్యుంది కదా. ప్రతి ఉత్తరం అడుగునా పెడతా. ఇది మాత్రం బావగారు పెట్టలేరు." ఎంత తెలివైనది. ఆ తెలివికి తగిన మొగుణ్ణి కాలేకపోయాను.

వంతెన పోయిన ఆ ఊరు గుర్తుంది, మరిచిపోయేంత పెద్దది కాదు. నదికి ఇటు సగం, అటు సగం. ఇటువైపు బడి, ఆసుపత్రి, అటువైపు మిల్లు, ఇళ్ళు. మధ్యలో కొట్టుకుపోయిన వంతెన తాలూకు స్తంభాలు రెండు, ఊడగా మిగిలిన పళ్ళలాగా. పొద్దున ఏడింటికి సైరన్ కూస్తే మిల్లు పనివాళ్ళు పడవ కోసం వరస కట్టేవాళ్ళు. మేము ఇటు గట్టున డేరాలు వేశాం. పడవవాడు ఒక్కడే, యాభై దాటినవాడు, చేతులు కొయ్య తెడ్ల లాంటివే. మమ్మల్ని రోజూ అటు చేర్చి ఇటు తెచ్చేవాడు, రోజూ మొహం ముడుచుకునేవాడు. ముడుచుకోక? మా వంతెన లేచిన రోజున వాడి పడవ కట్టెల పాలు. ఆ సంగతి వాడికీ తెలుసు, మాకూ తెలుసు. వాడి భాష మాకు రాదు, మా భాష వాడికి రాదు, కోపానికి భాష అక్కర్లేదు. పని నెమ్మది. ఇనుము ఓడల్లో ముక్కలుగా వచ్చేది. ఒక ముక్క చివరి కన్నం, ఇంకో ముక్క మొదటి కన్నం కలవాలి, కలిస్తేనే చీల దూరుతుంది. వెంట్రుక వాసి తేడా వచ్చినా చీల మొరాయిస్తుంది. సుత్తితో కొట్టి దూర్చొచ్చు, కానీ కొట్టి దూర్చిన చీల ఏదో ఒక రోజు ప్రాణం తీస్తుంది. అందుకని నేను పొద్దస్తమానం టేపు, స్కేలు, రసమట్టం పట్టుకుని ఇనుము మీద పాకుతూ ఉండేవాణ్ణి. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక మాట చెప్పాడు. కొలత తేడా వస్తే ముందు పనిముట్టుని అనుమానించు, ఆ తర్వాత నిన్ను అనుమానించుకో, అప్పటికీ తేలకపోతేనే ఇనుముని అనుమానించు. ఎండకి టేపు సాగుతుంది, స్కేలు అంచు అరిగిపోతుంది, ఇనుము ఊరికే మారదు. ఆ మాటతోనే ఇరవై ఏళ్ళు బతికాను. ఒక్క వంతెన కూడా వాలలేదు.

ఉత్తరం నెలకొకటి, విమానంలో. అన్నయ్య చేతిరాత గుండ్రంగా, బడిపంతులు రాతలా. అంతా క్షేమం. పిల్ల బాగా మాట్లాడుతోంది. వానలు పడ్డాయి. ఆవు ఈనింది. అడుగున చెయ్యి. ఆ చెయ్యి మీద నా చెయ్యి పెట్టి పడుకునేవాణ్ణి, నవ్వితే నవ్వండి. నాలుగో ఉత్తరం నుంచి దాని పక్కన ఇంకో చెయ్యి కూడా మొదలైంది, పిల్లది, చిన్న ఆకులాగా, కుదురుగా పెట్టక గీత వంకర పోయి. పిల్ల చెయ్యి నెలనెలా పెరగడం చూస్తూ మురిసిపోయేవాణ్ణి. ఐదో నెలకి ఆరో నెలకి బొటనవేలు ఎంత సాగిందో నా స్కేలు పెట్టి కొలిచి డేరాలో అందరికీ చెప్పేవాణ్ణి. "చాల్లేవయ్యా, నీ కూతురు ఒక్కతే ఎదుగుతోందా లోకంలో" అని పక్క మంచం వాడు దుప్పటి కప్పుకునేవాడు. కొలిచాను. పిల్లది కొలిచాను. పక్కనే ఉన్నదాన్ని కొలవలేదు. ఎనిమిదో ఉత్తరంలో వేళ్ళు సన్నంగా కనిపించాయి. కనిపించలేదని అబద్ధం చెప్పను. కనిపించాయి. తొమ్మిదో దాంట్లో ఉంగరం బుడిపె లేదు. గీత ఉంగరపు వేలు వెంట నున్నగా పోయింది. నేనేమనుకున్నానో తెలుసా? పెన్సిల్ అనుకున్నాను. పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుంటే గీత చేతికి బయటగా పడుతుంది. లోపలికి వాలిస్తే మొన చేతి కిందికి దూరుతుంది, గీత సన్నబడుతుంది. పిల్లకి గీసీ గీసీ ఆవిడ చెయ్యి వాటం మారింది, పెన్సిల్ లోపలికి వాల్చి గీస్తోంది, ఉంగరం అడ్డమొస్తోందని తీసేసి ఉంటుంది అనుకున్నాను. పనిముట్టుని అనుమానించాను. మనిషి ఊరికే మారదు కదా, ఇనుములాగే. ఉస్తాద్ మూడు మెట్లు చెప్పాడు. నేను మొదటి మెట్టు మీదే చతికిలబడ్డాను.

"మామయ్యగారూ, టీ." అల్లుడు కాగితపు గ్లాసు చేతిలో పెట్టాడు. "మీరు చెప్పబోతున్నారు కదూ? మీ మొహం చూస్తేనే తెలుస్తోంది." "నా మొహం ఎప్పుడూ ఇంతే." "కనీసం ఆపరేషన్ రోజు ఖాయమయ్యేదాకా ఆగండి." "మీ నాన్నకి వస్తే నీకు ఎప్పుడు చెప్పాలి?" తన గ్లాసు అంచు నొక్కుతూ కూర్చున్నాడు. "నాకు భయంగా ఉంది మామయ్యా," అన్నాడు, గారు వదిలేసి. "ఇక్కడ చెబితే మానేస్తుంది. మానేసి జీవితాంతం నన్నూ మిమ్మల్నీ చూసినప్పుడల్లా..." ఆగిపోయాడు. ఆ మాట నేను ముందే విన్నాను నాయనా. అదే మాట.

పడవలోంచి నా రేకు పెట్టె నీళ్ళలో పడింది. పదకొండో నెల. గట్టు దగ్గర పడవ కుదిపింది, పెట్టె జారింది, పడవవాడే ఒంగి జుట్టు పట్టి లాగినట్టు లాగాడు. లోపలి ఉత్తరాలు తడిశాయి. ఎండకి పడవ బల్లల మీద వరసగా పరిచాను, పదకొండూ, తేదీల వరసలో, చేతులు పైకి. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో బోల్టు పెట్టాను. పడవవాడు తెడ్డు ఆపి చూశాడు. మొదటిసారి వాడి మొహంలో ముడత విడింది. మొదటి కాగితం మీది పెద్ద చేతిని చూపించాడు, చివరి కాగితం మీది పెద్ద చేతిని చూపించాడు, రెండు వేళ్ళు ఎత్తాడు. ఇద్దరా అని. తల్లీ, పెద్ద కూతురూనా అని కాబోలు. నేను నవ్వి ఒక్క వేలు ఎత్తాను. ఒక్కతే. మా ఆవిడ. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదటిది చూపించాడు, మళ్ళీ చివరిది, మళ్ళీ రెండు వేళ్ళు. నేను మళ్ళీ ఒక్క వేలు. వాడి నవ్వు ఆగిపోయింది. కాగితాల వెంట ఒంగుని ఒకటి, రెండు, మూడు అంటూ పదకొండు దాకా చూసుకుంటూ పోయాడు. చివర నిలబడి నా వైపు చూశాడు. మా వంతెన వల్ల కూడు పోగొట్టుకోబోతున్న మనిషి నన్ను చూసి జాలిపడ్డాడు. తన చెయ్యి తీసి నా చేతి మీద ఒక్క క్షణం పెట్టి తీసేశాడు. ఆ రోజు గట్టు చేరేదాకా నా వైపు చూడలేదు. అక్షరం తెలియనివాడు చదివాడు. నేనేమనుకున్నాను? వీడికి పెన్సిల్ వాలు సంగతి ఏం తెలుసు అనుకున్నాను.

పన్నెండు, పదమూడు. పద్నాలుగో దాంట్లో చెయ్యి లేదు. పిల్ల చెయ్యి ఒక్కటే, కుదురుగా, ఎవరో పెద్దవాళ్ళు పట్టుకుని గీసినట్టు. ఆవిడకి పనిలో తీరిక లేదు, వచ్చే ఉత్తరంలో పెడుతుంది అని అన్నయ్య గుండ్రటి అక్షరాలు. అదే వారం వంతెన తెరిచారు. బ్యాండు వాయించారు. చీలలన్నీ చేత్తో తోస్తే దూరాయి, ఒక్కదానికీ సుత్తి వాడలేదు, పై ఆఫీసర్లు నా వీపు తట్టారు. ఓడ దిగి, రైలెక్కి మా ఊరి స్టేషన్‌లో దిగేసరికి అన్నయ్య ఒక్కడే వచ్చాడు. ఒక్కడే రావడం చూశాను, చాలు. ఆవిడ పోయి పంతొమ్మిది రోజులు. నేను ఓడలో ఉండగా. పొట్టలో పుండు, నేను వెళ్ళిన ఏడో నెల నుంచి మంచం. "ఆవిడే ఒట్టు వేయించుకుందిరా," అన్నాడు. "ఆయన వంతెన సగంలో వదిలేసి వస్తే, ఇక బతికినంతకాలం నన్ను చూసినప్పుడల్లా ఆ సగం వంతెనే చూస్తారు బావగారూ, వద్దు అంది." అది ఆవిడ మాటో, అన్నయ్య అల్లిన మాటో నాకు తెలియదు. అడిగి తేల్చుకునే వీలు లేకుండా చేశాడు. అదే నేను క్షమించలేనిది. చనిపోవడం కాదు, జనం చనిపోతారు. నాకు బదులు తను నిర్ణయించాడు. వస్తానో రానో చెప్పాల్సినవాణ్ణి నేను. రాకపోయి ఉండొచ్చు కూడా, ఎవరు చూశారు, అప్పట్లో వంతెన పిచ్చి అలా ఉండేది. అప్పుడు నన్ను నేను తిట్టుకునేవాణ్ణి, ఆ తిట్టు నాదై ఉండేది. ప్లాట్‌ఫారం మీదే చెప్పాను, ఇదే మనకి ఆఖరి మాట అని. చెప్పినట్టే ఉన్నాను. వదిన పిల్లని పెంచింది, వదినకి దణ్ణం పెట్టాను. ఆయన గుమ్మంలోకి వస్తే నేను పెరట్లోకి పోయేవాణ్ణి.

పదిహేనో ఏట అమ్మాయికి ఆ కాగితాలు చూపించాను. ఏమీ చెప్పలేదు, మీ అమ్మ చేతులు అన్నాను, అంతే. అది బల్ల మీద వరసగా పరిచింది. తన జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీసింది. మణికట్టు దగ్గర ఒక కొలత, వేళ్ళ మొదట్లో ఒక కొలత, ఒక్కోదాని వెనకా చిన్న అంకెలతో రాసుకుంటూ పదమూడూ కొలిచింది. ఎవరూ చెప్పకుండానే. పదమూడో దాని వెనక రాసి స్కేలు కింద పెట్టింది. "నాన్నా, నీకు కనపడలేదా?" అంది. "పెన్సిల్ వాలు అనుకున్నా." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం దగ్గర పచ్చడి నా వైపు జరిపింది. క్షమించిందో లేదో నేను అడగలేదు. నన్నడిగితే క్షమించొద్దనే అంటాను. అన్నయ్యని వదలనివాణ్ణి, నన్ను మాత్రం ఎలా వదులుతాను?

అందుకే చెబుతాను. మానేస్తే మానేస్తుంది. వెళితే వెళుతుంది. ఏం చేసినా అది తెలిసి చెయ్యాలి. దాని కోరిక దానిదైతే దాని ఏడుపూ దానిదే, మధ్యలో పట్టుకుని దాచడానికి నేనెవణ్ణి, ఈ మంచి అల్లుడెవడు. ముసలావిడ మళ్ళీ చూస్తోంది. బోల్టు కిర్రుమంది. నేను లేచాను. తలుపు తెరుచుకుంది.

యూనిఫాంలో అమ్మాయి, మెడలో తాడుకి కార్డు, చేతిలో ఉత్తర్వు కాగితం, పెన్ను. "అయిపోయింది నాన్నా, మూట ముప్పై ఒకటి. నువ్వు నిలబడ్డావెందుకు?" అంది నవ్వుతూ. అల్లుడు నా మోచేయి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"అమ్మాయ్, నా కాలేయంలో గడ్డ ఉంది. వచ్చే నెల కోస్తారు. లేస్తానో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు."

నవ్వు అలాగే ఉంది మొహం మీద, లోపలి మనిషి వెళ్ళిపోయాక తలుపు తెరిచి ఉన్నట్టు. తర్వాత అదీ పోయింది. "ఎప్పుడు తెలిసింది?"

"మొన్న సాయంత్రం."

"ఈయనకి?"

"మొన్నే."

అల్లుడి వైపు చూసింది. "నువ్వు వెళ్ళాక చెబుదామని..." అన్నాడు వాడు. "నీ మంచికే..."

"నువ్వు కాసేపు మాట్లాడకు," అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ నా వైపు తిరిగి, "నన్నేం చెయ్యమంటావు నాన్నా?"

"నేనేమీ అనను. నీకు తెలియాలి, చెప్పాను. మిగతాది నీ పని."

"నువ్వు ఏమీ అనకపోవడం ఒక్కటే తక్కువయింది ఇప్పుడు," అంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. గోడ గడియారం చూసింది. ఇంకా ఏడు నిమిషాలు. నా భుజం మీద చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టింది, తను ఎదురుగా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది, ముసలావిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఉత్తర్వు కాగితం వెనక్కి తిప్పి పక్క ఖాళీ కుర్చీ మీద పరిచింది. "ఎడం చెయ్యి పెట్టు."

పెట్టాను.

"లోపల మా పై ఆఫీసరు ఉన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా గడువు అడుగుతా. ఇస్తే ఉంటా, తర్వాతి విమానానికి వెళతా. ఇవ్వకపోతే ఇప్పుడే వెళతా, కోసే రోజుకి సెలవు పెట్టి వస్తా. రెండిట్లో ఏదైనా నేనే చెబుతా, ఇంకెవరూ చెప్పరు. వారం వారం చెయ్యి పంపాలి. ఈయన గీస్తాడు, నేర్పిస్తాను. అంతా క్షేమం అని మాత్రం రాయొద్దు. కదలకు నాన్నా, వేళ్ళు విడదియ్యి."

బొటనవేలు దగ్గర మొదలుపెట్టింది. అల్లుడు కూడా వంగి చూస్తున్నాడు. పెన్ను నా చర్మాన్ని తాకుతూ వేలి మొన దాకా పోయి, చుట్టూ తిరిగి, సందులోకి దిగి, మళ్ళీ పైకి ఎక్కింది. పెన్ను నిట్టనిలువుగా ఉంది. ఎక్కడా వాలలేదు.